ముందు ట్యూబు మూత పెట్టండి

"పీల్ చేయండి డాక్టరు గారూ" అంటూ చర్మవైద్యుల గది తలుపు తోసేవాళ్లలో చాలామందికి ఆ రోజు పీల్ చేయకూడదు. మంచి డాక్టరైతే చేయరు కూడా. ముఖాన్ని వెలుతురులో చూస్తారు, ఇన్నాళ్లూ ఏమేం రాశారో అడుగుతారు, ఏవో రెండు రాసిచ్చి నెల తర్వాత రమ్మంటారు. ఆటో ఎక్కి, పని మానుకుని అంత దూరం వెళ్తే ఉత్త చేతులతో పంపించారని మనకు ఉసూరుమంటుంది. పక్కవీధి పార్లర్లో అయితే అరగంటలో అయిపోయేదని ఎవరో ఒకరు అననే అంటారు. ఈ అధ్యాయం ఆ నెల గురించి. పీల్ పది నిమిషాల పని. అది బాగుపడేదీ చెడిపోయేదీ దానికి ముందు నాలుగు వారాల్లో, తర్వాత నాలుగు వారాల్లో.

ఇది రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది సూరత్ తెలుగువాళ్లు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పనికి వచ్చి లింబాయత్, ఉధ్నా చుట్టుపక్కల స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల్లో ఇప్పుడు అక్కడే పుట్టి పెరిగిన తరం ఉంది. మగవాళ్లు పవర్‌లూమ్ షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు చేస్తారు. ఆడవాళ్లు చాలామంది ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరిస్తారు, రాళ్లు అంటిస్తారు. పిల్లలు కాలేజీలకు, రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లలో ఉద్యోగాలకు వెళ్తున్నారు. వీళ్ల ముఖాల మీద వచ్చే మొటిమలు, మచ్చలు, మంగు హైదరాబాద్‌లో ఉన్నవే. ఎండ, పండగలు, పని వేళలు మాత్రం సూరత్‌వి. పీల్ దెబ్బతినేది సరిగ్గా అక్కడ.

సీసాలో ఏముంది

చర్మం పైపొరలో చనిపోయిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. యాసిడ్ ఆ పట్టు వదిలిస్తుంది. పొర రాలిపోతుంది, కింద కొత్త పొర వస్తుంది. పీల్ అంటే ఇంతే. ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టి పైపీల్, మధ్యపీల్, లోతు పీల్ అంటారు. ఉన్నా అనే జర్మన్ చర్మవైద్యుడు 1882లోనే సాలిసిలిక్ యాసిడ్, ఫినాల్, ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ చర్మం మీద ఎలా పనిచేస్తాయో రాశాడు. ఇవాళ అందరి నోటా వినిపించే గ్లైకాలిక్ యాసిడ్ తర్వాత వచ్చింది. 1974లో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఆ జాతి యాసిడ్లు పొట్టులేచే చర్మ జబ్బుల్లో పనిచేస్తాయని చూపించాక అది క్లినిక్కుల్లోకి నడిచింది. గ్లైకాలిక్ చెరకులో ఉంటుంది, మాండెలిక్ చేదు బాదం నుంచి, లాక్టిక్ పుల్లబడిన పాల నుంచి మొదట దొరికాయి. బార్డోలీ చెరకు తోటలు పక్కనే ఉన్నాయి కదా అని "చెరకు పీల్, పూర్తిగా సహజం" అన్న బోర్డు చూసి ధైర్యం తెచ్చుకోకండి. క్లినిక్ సీసాలోది ఫ్యాక్టరీలో తయారైన యాసిడ్. పొరపాటు చేస్తే కాలుస్తుంది.

సీసా మీద శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. పీహెచ్ కూడా చూడాలి. పీహెచ్ పెంచి మెత్తబరచిన 70 శాతం గ్లైకాలిక్, అలా చేయని 35 శాతం కంటే తేలిగ్గా ఉండొచ్చు. అమెరికాలో సౌందర్య పదార్థాల భద్రతను చూసే నిపుణుల బృందం 1998లో ఒక గీత గీసింది. ఇంట్లో రాసుకునేదైతే 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5కు తగ్గకూడదు. పార్లర్లో శిక్షణ ఉన్నవాళ్లు రాసి కడిగేదైతే 30 శాతం, పీహెచ్ 3. అంతకు మించినవి డాక్టరు చేతిలో ఉండాల్సినవి. ఆన్‌లైన్లో ఇవాళ ఏ శాతమైనా ఇంటికొచ్చేస్తోంది. 2024 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఎక్కువ గాఢత ఉన్న పీల్ సీసాలు కొనుక్కుని సొంతంగా వాడొద్దని జనానికి హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. మన దగ్గరికీ అవే సీసాలు వస్తున్నాయి.

మన ఒంటిరంగుకు ఇంకో లెక్క ఉంది. ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే వైద్యుడు 1975లో మొదలుపెట్టిన కొలత ప్రకారం చర్మం ఆరు రకాలు. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, అయిదులో పడతారు. ఈ చర్మానికి ఎండను తట్టుకునే బలం ఎక్కువే కానీ ఒక గుణం ఉంది. ఎక్కడ మంట పుట్టినా, గాయమైనా అక్కడ నల్ల మచ్చ వదులుతుంది. మొటిమ గిల్లితే మచ్చ, దోమ కుడితే మచ్చ. యాసిడ్ ఎక్కువైనా మచ్చే. తెల్లవాళ్ల వీడియోల్లో ముఖమంతా పొలుసులుగా ఊడి కింద గులాబీ రంగు బయటపడుతుంది చూడండి, అదే మన ముఖం మీద జరిగితే నెలల తరబడి నలుపు. భారతీయ చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ తరఫున నీతి ఖుంగర్ 2008లో రాసిన మార్గదర్శకాలు లోతు పీల్స్ భారతీయ చర్మానికి పనికిరావనే చెబుతాయి. లోతు పీల్ చేసే ఫినాల్ రక్తంలోకి చేరితే గుండె లయ కూడా తప్పిస్తుంది. కాబట్టి మీకు పనికొచ్చేది పైపీలే. ఒక్కసారికి తేడా కొంచెమే కనిపిస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరుసార్లు చేయించుకోవాలి. "ఒక్క సిట్టింగ్‌లోనే" అన్నచోట నుంచి లేచి రండి.

ట్యూబు సంగతి

వాకిట్లో కూర్చుని చీర కొంగుకు రాళ్లు అంటిస్తూ ఇద్దరు మాట్లాడుకుంటారు.

"ఏం రాస్తున్నవ్ వదినా, మొఖం ఇంత తెల్లగైంది?"

"మెడికల్ల ఇచ్చిండు. రాత్రి రాసుకొని పండుకుంటున్న. వారంల తేడా తెలిసింది."

"నాగ్గూడ తెప్పియ్యవా?"

ఆ ట్యూబులో చాలాసార్లు ఉండేవి మూడు మందులు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. ఈ మూడింటి కలయికకు మూలం 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడు మంగు కోసం చెప్పిన సూత్రం. మందు చెడ్డది కాదు. డాక్టరు చూసి, కొన్ని వారాలకని రాసి, ఆపాల్సినప్పుడు ఆపితే మంగుకు ఇప్పటికీ బాగా పనిచేసేవాటిలో ఇదొకటి. దాన్ని పౌడర్‌లాగా రోజూ రాసుకోవడంతోనే గొడవ. స్టెరాయిడ్ మొదట మంట తగ్గిస్తుంది, రంగు తేలుస్తుంది, మొటిమలు కూడా అణుగుతాయి. అందుకే వదినగారి ముఖం వారంలో మెరిసింది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద సన్నటి ఎర్రనరాలు తేలతాయి. ఎండలోకి, పొయ్యి దగ్గరికి వెళ్తే ముఖం భగ్గుమంటుంది. గడ్డం మీద, చెంపల మీద నూగు పెరుగుతుంది. రాయడం మానితే రెండు రోజుల్లో ఎరుపు, దురద, గుంపుగా మొటిమలు. భయపడి మళ్లీ రాస్తారు, తగ్గుతుంది. ఇలా ముఖం ఆ ట్యూబుకు అలవాటు పడిపోతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువగా ఉందంటే చర్మవైద్యులు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు: స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందుల్లోకి తెచ్చింది. చట్టం వచ్చింది. ట్యూబు మాత్రం అడిగినవాళ్లకు అడిగినంత దొరుకుతూనే ఉంది.

ఇప్పుడు ఆ పలచబడ్డ చర్మం మీద గ్లైకాలిక్ పడితే ఏమవుతుంది? మామూలు చర్మంలో రెండు నిమిషాలు పట్టే దూరం అరనిమిషంలో దిగుతుంది. ఎంత దిగిందో పీల్ చేసేవాళ్లకు అంచనా అందదు. అలా అందకపోవడమే కాలడానికి కారణం. డాక్టరు నెల ఆగమన్నది దీనికే. ఒక్కోసారి నెల చాలదు, మూడు నెలలు కూడా పట్టొచ్చు. స్టెరాయిడ్‌ను ఒక్కరోజులో ఆపేయడం కూడా అందరికీ కుదరదు. బలం తక్కువదానికి మార్చి, రోజు విడిచి రోజుకు తెచ్చి, మధ్యలో మంట తగ్గించే వేరే మందులు ఇచ్చి దింపుతారు. ఆ వారాల్లో ముఖం ముందుకంటే వికారంగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "ఏ డాక్టరు దగ్గరికి పోయినవ్, ఇట్ల చేసిండు" అంటారు. వదిలేసి మళ్లీ ట్యూబు కొనేది ఆ వారంలోనే. ముందే తెలిసి ఉంటే ఓర్చుకోవడం కాస్త తేలిక.

హైడ్రోక్వినోన్ ఒక్కటే ఏళ్ల తరబడి రాసినా ప్రమాదమే. కొందరిలో చర్మం లోపల నీలం కలిసిన నలుపు దిగుతుంది, దాన్ని పోగొట్టడం ఏ పీల్ వల్లా సులువు కాదు. తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని తెల్లటి డబ్బా క్రీములు ఇంకా ఘోరం. వాటిలో పాదరసం ఉండొచ్చు. కేరళ మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి 2023లో వైద్యులు బయటపెట్టారు.

మీరు చేయాల్సింది ఒకటే. ఇంట్లో ఉన్న ట్యూబులు, డబ్బాలు, ఖాళీ అయినవి కూడా, ఒక కవర్లో వేసి డాక్టరు టేబుల్ మీద కుమ్మరించండి. గుజరాతీ, హిందీ అంతగా రాకపోయినా ఇబ్బంది లేదు. మీరు చెప్పేదానికన్నా వాటి మీద అచ్చయిన పేర్లే ఎక్కువ చెబుతాయి. సిగ్గుపడి ఒక్కటి దాచారంటే ఆ ఒక్కటే ముంచుతుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు మింగుతుంటే అదీ చెప్పండి. అవి ఆపి ఆరు నెలలైనా గడవందే పీల్ చేయకూడదని పాత నియమం. 2017లో అమెరికా చర్మ శస్త్రవైద్యుల సంఘం నిపుణులు సమీక్షించి పైపీల్‌కు అంత ఆగనక్కర్లేదన్నారు. అది డాక్టరు తేల్చుకునే విషయం, మీరు చెప్పకపోతే తేల్చుకోలేరు. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా, ఆస్పిరిన్ పడకపోయినా, పెదాల చుట్టూ జ్వరపు పొక్కులు తరచూ వస్తున్నా, గాయం మానినచోట కండ ఉబ్బే తత్వం ఉన్నా నోరు తెరిచి చెప్పాలి.

ఏ మచ్చకు ఏది

నూనె ముఖం, తెల్లమొటిమలు, నల్లమొటిమలు ఉన్నవాళ్లకు సాలిసిలిక్ యాసిడ్ మంచి ఎంపిక. అది నూనెలో కరుగుతుంది, రంధ్రంలోకి దిగి మూసుకున్నదాన్ని వదులు చేస్తుంది. మొటిమలు మానాక మిగిలిన నల్ల మచ్చలకు కూడా పనికొస్తుంది. సున్నితమైన చర్మానికి మాండెలిక్. దాని అణువు పెద్దది, నెమ్మదిగా, సమానంగా దిగుతుంది, అందుకే మన రంగుకు భయం తక్కువ. మంగుకు గ్లైకాలిక్, లాక్టిక్ వాడతారు. మంగు పైపొరలో ఉంటే మెరుగవుతుంది, లోపలిపొరకు దిగి ఉంటే పీల్ అక్కడిదాకా అందదు. ఎంత తగ్గినా ఎండ తగిలితే, కడుపొస్తే, గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే మళ్లీ వస్తుంది. మంగును పోగొడతామని ఎవరన్నా అన్నారంటే పీల్ అమ్ముకోవడానికి అన్నారనుకోండి. అదుపులో పెడతామన్న డాక్టరును నమ్మండి.

మొటిమలు తవ్వేసిన లోతు గుంతలు పైపీల్‌తో పూడవు. సన్నటి, లోతైన గుంతల కోసం వేరే పద్ధతి ఉంది. గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌ను (టీసీఏ) పుల్ల మొనతో ఒక్కో గుంతలో చుక్కగా పెడతారు. చేయి తిరిగినవాళ్లు మాత్రమే చేయాల్సిన పని అది.

మెడ నలుపు గురించి కొంచెం ఆగి చెప్పాలి. మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలాగా మందంగా నల్లబడితే దాన్ని మురికనుకుని పీచుతో రుద్దేవాళ్లున్నారు, పీల్ చేయించుకునేవాళ్లూ ఉన్నారు. చాలావరకు అది ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనే గుర్తు. షుగర్ పరీక్ష చేయించాలి, నడుము కొలవాలి. అమ్మాయిలకు దాంతోపాటు నెలసరి తప్పడం, గడ్డం మీద మొండి మొటిమలు, వెంట్రుకలు ఉంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. పీల్‌కు పెట్టే డబ్బు ముందు ఆ పరీక్షలకు పెట్టండి.

ఇంకో మాట, ఇష్టపడినా పడకపోయినా. పీల్ మీ పుట్టురంగు మార్చదు. మచ్చ పోగొట్టి ముఖమంతా ఒక్క రంగులోకి తేగలదు, అంతే. పెళ్లిచూపులు ఖాయమైన వారంలో క్లినిక్‌కు పరుగెత్తేవాళ్లు అడిగేది చాలాసార్లు మచ్చ గురించి కాదు, తెలుపు గురించి. ఆ కోరిక మీద బతికే వ్యాపారం ఊరూరా ఉంది. మనకు పేరు బాగా తెలిసిన తెల్లబడే క్రీము 2020లో పేరులోంచి తెలుపును తీసేసుకుంది. పెళ్లి మాటల్లోంచి మనమింకా తీయలేదు.

ఆ పది నిమిషాలు

సరే, నెల గడిచింది. ఆ నెలంతా రోజూ సన్‌స్క్రీన్ రాశారు, డాక్టరు చెప్పిన రాత్రి క్రీము రాసి చర్మాన్ని సిద్ధం చేశారు. వారం ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్స్, బ్లీచ్ మానేశారు. ఆ రాత్రి క్రీమును కూడా డాక్టరు చెప్పిన రోజున ఆపారు. మగవాళ్లు ఆ పొద్దున గడ్డం గీసుకోలేదు. చెవి వెనక చుక్క పెట్టి చూడటం అయిపోయింది.

మంచం మీద తల కొంచెం ఎత్తుగా పెట్టి పడుకోబెడతారు. జుట్టుకు పట్టీ. స్పిరిట్‌తో ముఖం తుడిచి జిడ్డు తీసేస్తారు, జిడ్డు మిగిలినచోట యాసిడ్ దిగదు. కళ్ల మూలల్లో, ముక్కుపుటాల పక్కన, పెదాల కొసల్లో వ్యాజిలిన్ రాస్తారు. యాసిడ్ చేరి నిలిచిపోయే పల్లాలు అవే. టేబుల్ మీద ఒక గిన్నెలో విరుగుడు ద్రవం, ఒక సిరంజిలో సెలైన్, ఒక గడియారం ఉండాలి. ఇవి మూడూ కనిపించకపోతే అడగండి. తర్వాత బ్రష్‌తోనో గాజుగుడ్డతోనో నుదుటి నుంచి మొదలుపెట్టి బుగ్గలు, గడ్డం, చివర్లో ముక్కు, పైపెదవి. ఫ్యాను ముఖం మీదికి తిప్పుతారు. మంట పదిలో ఎంతని అడుగుతారు, అబద్ధం చెప్పకండి. ఓర్చుకుంటే బాగా పనిచేస్తుందనుకోవడం తప్పు. ఒక్కచోటే ఎక్కువ మండుతుంటే వేలితో చూపించండి.

గ్లైకాలిక్ అయితే మొదటిసారి ఒకటి నుంచి మూడు నిమిషాలు. దాన్ని సమయం చూసి విరుగుడుతో ఆపాల్సిందే, ఆపకపోతే దిగుతూనే ఉంటుంది. గడువు కాకముందే ఎక్కడైనా చర్మం బూడిద తెలుపుకు తిరిగితే అక్కడ వెంటనే ఆపేస్తారు. సాలిసిలిక్‌లో మందు కలిపిన ఆల్కహాల్ ఆరిపోయి, ముఖం మీద తెల్లటి పొడి మిగులుతుంది. చూసి హడలిపోతారు కానీ అది స్ఫటికాలు కట్టిన మందే, నీళ్లతో కడిగితే పోతుంది. టీసీఏలో వచ్చే తెలుపు వేరు. అది చర్మంలోని మాంసకృత్తులు గడ్డకట్టిన గుర్తు, కడిగితే పోయేది కాదు. మనవాళ్లకు టీసీఏ వాడేటప్పుడు ఆ తెలుపు పలచగా ఉండగానే ఆగడం తెలిసిన చెయ్యి కావాలి.

తర్వాతి వారం

మొదటి రోజు ముఖం బిగుసుకున్నట్టు ఉంటుంది. రెండో రోజు కొంచెం నల్లబడుతుంది, ఇదే ఎక్కువమందిని భయపెడుతుంది. మూడో రోజుకు నోటి చుట్టూ సన్నగా పొట్టు లేస్తుంది, ఆ తర్వాత బుగ్గలు, నుదురు. వారంలో సర్దుకుంటుంది. తేలికైన పీల్‌లో అసలు ఏమీ ఊడకపోవచ్చు. ఊడలేదంటే పనిచేయలేదని కాదు. ఈ వారంలో చేతులు ముఖం మీదికి వెళ్లకూడదు. లేచిన పొట్టు లాగితే రాలడానికి సిద్ధంగా లేని పొర కూడా దాంతో వస్తుంది, అక్కడ మచ్చ ఖాయం. మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, మూడే. రాత్రి క్రీములు, స్క్రబ్‌లు, నిమ్మకాయ, వంటసోడా, పసుపు అన్నీ అటక మీదికి. నిమ్మరసం ఎప్పుడైనా ఎండలో చర్మాన్ని కాల్చేదే, ఈ వారంలో మరీ.

మగ్గం షెడ్డులో పనిచేసేవాళ్లకు ఇంకో కష్టం. వేడి, చెమట, గాల్లో నూలు పొడి. పీల్ మర్నాడే షిఫ్టుకు వెళ్తే చెమట మండిస్తుంది, మండినచోట తువ్వాలుతో రుద్దుతారు. వారాంతపు సెలవుకు ముందురోజు సాయంత్రం చేయించుకోవడం తెలివైన పని. చెమటను ఒత్తి తీయాలి, రుద్దకూడదు. రాళ్లు అంటించే ఆడవాళ్లు జిగురు చేత్తో ముఖం తాకకుండా ఉండాలంటే ఆ వారం దారాల పని పెట్టుకోవడమే నయం.

ఎరుపు మూడు రోజులు దాటినా తగ్గకపోతే, పొక్కు లేస్తే, పసుపు చెక్కు కడితే, పెదాల దగ్గర నొప్పితో చిన్నచిన్న నీటి పొక్కులు గుంపుగా వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. పార్లర్లో ఎవరో చేసి కాల్చేస్తే చల్లటి మామూలు నీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. మంచు పెట్టొద్దు, టూత్‌పేస్ట్ పెట్టొద్దు. లింబాయత్ వాళ్లకు బాంబే మార్కెట్ ఎదుటి స్మీమర్ దగ్గర, మజూరాగేట్ వైపు కొత్త సివిల్ ఆసుపత్రి ఉంది. రెండూ వైద్య కళాశాలల ఆసుపత్రులే.

సూరత్ క్యాలెండర్

పీల్ తర్వాత నాలుగు వారాలు ఎండ శత్రువు. సూరత్ కర్కాటక రేఖకు దిగువన ఉంది, ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు, చలికాలం ఎండ కూడా మెత్తనిది కాదు. కాబట్టి పీల్ రోజులు పండగలు చూసుకుని పెట్టుకోవాలి. జనవరి 14న ఉత్తరాయణం, మర్నాడు వాసీ ఉత్తరాయణం: రెండు రోజులూ ఊరు ఊరంతా డాబాల మీదే, పొద్దున్నించి చీకటిపడేదాకా తలెత్తి ఆకాశం చూస్తూ. డిసెంబరు ఆఖర్లో పీల్ చేయించుకుని పతంగులు ఎగరేస్తే చేయించుకోకపోయినా బాగుండేది. హోలీ వేళ ధుళేటి రంగులు పీల్ చేసిన ముఖం మీద పడకూడదు, కడిగేటప్పుడు రుద్దే రుద్దుడు ఇంకా చెడ్డది. నవరాత్రుల్లో ఎండ ఉండదు కానీ మందపాటి మేకప్, గర్బా చెమట, అర్ధరాత్రి దాకా మెలకువ ఉంటాయి. మనకు అదే వేళకు బతుకమ్మ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలే వద్దు.

మిగిలినవి మంచి రోజులే. దీపావళికి మందులు మొదలుపెడితే నవంబరు చివర్లో మొదటి పీల్, డిసెంబరు మధ్యలో రెండోది. ఉత్తరాయణం అయ్యాక జనవరి ఆఖర్లో మూడోది, హోలీకి నెల ముందే ఆ విడత ముగింపు. వానాకాలంలో జులై, ఆగస్టు కూడా ఫరవాలేదు. మబ్బు పట్టినా సన్‌స్క్రీన్ తప్పదు, మచ్చలు తెచ్చే కిరణాల్లో చాలాభాగం మబ్బులోంచీ కిటికీ అద్దంలోంచీ వస్తాయి. ఊరికి వెళ్లేదుంటే వచ్చాక పెట్టుకోండి. నవజీవన్ రైల్లో కిటికీ పక్కన పగలంతా కూర్చుని వరంగల్‌లో దిగడం, మేడారం జాతర ఉన్న ఏడాది దుమ్ములో, ఎండలో తిరగడం పీల్ వారంలో కలపాల్సినవి కావు.

పెళ్లి ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త. చివరి పీల్‌కూ పెళ్లికీ నెల తేడా ఉండాలి. పెళ్లి తేదీని లెక్కేస్తారు కానీ నలుగు తేదీని మరిచిపోతారు. పసుపు, సున్నిపిండి కలిపి పిన్నులూ వదినలూ పోటీపడి రుద్దే ఆ పూట కొత్త చర్మానికి పెద్ద గండం. ముఖం వదిలేసి చేతులకు, కాళ్లకు పెట్టమని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆ గోలలో అప్పటికప్పుడు ఎవరూ వినరు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, ముఖానికీ మెడకీ రెండు వేళ్ల పొడవునా పిండుకున్నంత, బయట ఉంటే రెండు గంటలకోసారి. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగుది కొంటే మేలు. మామూలు వెలుతురు కూడా మన రంగు చర్మాన్ని నల్లబరుస్తుంది, దాన్ని కొంత ఆపేది ఆ రంగే. నెలనెలా దీనికయ్యే ఖర్చు, పీల్ ఖర్చుతో కలిపి లెక్కేసుకుని చేతిలో అంత ఉంటేనే మొదలుపెట్టండి. రెండిట్లో ఒకటే కొనగలిగితే సన్‌స్క్రీనే కొనండి.

నాలుగైదు పీల్స్ అయ్యాక కూడా తగ్గకపోతే

నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ఫిల్టర్ లేకుండా ఫొటో తీసుకోండి. రోజూ అద్దంలో వెతికితే తేడా తెలియదు, దిగులే పెరుగుతుంది. నాలుగైదు పీల్స్ తర్వాత మొదటి ఫొటోకీ ఇప్పటిదానికీ తేడా లేకపోతే శాతం పెంచమని అడగకండి, జబ్బు పేరు మళ్లీ చూడమనండి. మంగు అనుకున్నది వేరొకటి కావొచ్చు. జుట్టు రంగు, అత్తరు, స్టిక్కర్ బొట్టు జిగురు, కుంకుమ పడక ముఖం మీద బూడిద రంగు నలుపు పాకే జబ్బు ఒకటుంది, లైకెన్ ప్లానస్ జాతిది ఇంకొకటి. వీటి మీద యాసిడ్ వేస్తే ఇంకా ముదురుతాయి. ఏది పడటం లేదో తేల్చడానికి ప్యాచ్ పరీక్ష చేస్తారు. వీపు మీద అనుమానం ఉన్న పదార్థాల పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూసి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. పట్టీలు ఉన్నంతసేపూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. సూరత్‌లో అలా కుదిరేది డిసెంబరు, జనవరిలోనే, అపాయింట్‌మెంట్ అప్పటికి అడగండి.